సున్నపురాయి సీమలో కర్బన సంగ్రహణ: నికర శూన్య లక్ష్య సాధనలో దాని స్థానం

(ప్రత్యేక వ్యాసం)

వర్షాభావ ప్రాంతాలుగా పేరుపడిన కర్నూలు, కడప సీమలకు ప్రకృతి ప్రసాదించిన ప్రధాన సంపద సున్నపురాయి. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు ఎన్నో ఇళ్లకు నేలగా అమరాయి. ఈ ప్రాంతపు సున్నపురాతి నిల్వలను ఆధారం చేసుకొని ఎర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు, కమలాపురం, గడివేముల, కొలిమిగుండ్ల పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. వేలాది కుటుంబాలకు ఇవి జీవనాధారం.

2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థాయికి చేరుకోగలమని 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో భారత ప్రధాన మంత్రి ప్రకటించారు. వాతావరణంలోకి విడుదలయ్యే హరితగృహ వాయువుల పరిమాణం, దాని నుండి తొలగించబడే పరిమాణం సమానం కావడమే నికర శూన్యం. ఈ లక్ష్య సాధనలో సిమెంటు సీమ ఎదుర్కొనే సమస్య ఇతర పరిశ్రమల సమస్య వంటిది కాదు.

రాతిలోనే దాగిన వాయువు

సున్నపురాయి రసాయనికంగా కాల్షియం కార్బొనేట్. ఒక టన్ను స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో కాల్చినపుడు సుమారు 560 కిలోల సున్నం మిగిలి, 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సిమెంటు కర్మాగారపు ఉద్గారాలలో సుమారు 60 శాతం ఈ విధంగా రాతి నుండే వస్తాయి. మిగిలినవి ప్రధానంగా ఇంధనం వలన కలిగేవి. బొగ్గుకు బదులు మరేదైనా స్వచ్ఛ ఇంధనాన్ని వాడినప్పటికీ రాతి నుండి వెలువడే వాయువు ఆగదు. అందువలననే సిమెంటు రంగంలో కర్బన సంగ్రహణ ప్రాధాన్యం సంతరించుకొన్నది.

సంగ్రహణ విధానం

పొగగొట్టం ద్వారా బయటకు పోవలసిన వాయువులను ముందుగా చల్లబరచి, అమైన్ అనే రసాయన ద్రావణం గుండా పంపుతారు. ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే పట్టి ఉంచుతుంది. ఆ ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయగా వాయువు విడివడుతుంది. దానిని అధిక పీడనంతో కుదించి, భూగర్భంలో లోతైన పొరలలో భద్రపరుస్తారు లేదా పరిశ్రమలకు తరలిస్తారు. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారంలో ఏటా 4 లక్షల టన్నులు సంగ్రహించే కేంద్రం 2025లో ప్రారంభమైనది. అక్కడ సేకరించిన వాయువును ఓడలలో తరలించి ఉత్తర సముద్రపు అడుగు పొరలలో నిల్వ చేస్తున్నారు.

విద్యుత్ కేంద్రమా, సిమెంటు కర్మాగారమా?

కడప జిల్లాలోని రాయలసీమ తాపవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. విద్యుత్ రంగంలో బొగ్గుకు ప్రత్యామ్నాయం కలదు. పూర్వపు కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది. పిన్నాపురం వద్ద పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు చేపట్టబడింది. సిమెంటుకు కావలసిన సున్నానికి అటువంటి ప్రత్యామ్నాయం సులభంగా లభించదు. కావున ఈ ప్రాంతంలో కర్బన సంగ్రహణకు సముచిత స్థానం సిమెంటు కర్మాగారమే అని చెప్పవచ్చును.

మూడు అవరోధాలు

మొదటిది ఉష్ణం. ద్రావణం నుండి వాయువును విడదీయడానికి అధిక పరిమాణంలో ఉష్ణశక్తి అవసరం. ఆ శక్తిని బొగ్గు నుండే పొందినచో ప్రయోజనంలో కొంత హరించుకుపోతుంది.

రెండవది నీరు. నేటి సిమెంటు కర్మాగారాలు పొడి పద్ధతిలో పనిచేస్తున్నందున వాటి నీటి వినియోగం పరిమితం. సంగ్రహణ కేంద్రం నెలకొల్పినచో వాయువులను, ద్రావణాన్ని చల్లబరచడానికి అదనంగా నీరు కావలసి ఉంటుంది. తాగునీరు, సాగునీరు రెండింటికీ కటకటలాడే సీమలో ఇది చిన్న విషయం కాదు. గాలితో చల్లబరచే పద్ధతులు ఉన్నప్పటికీ వ్యయం పెరుగుతుంది.

మూడవది నిల్వ స్థలం. వాయువును భద్రపరచుటకు సూక్ష్మరంధ్రాలు గల రాతి పొర, దానిపై వాయువును పైకి రానీయని గట్టి పొర అవసరం. కడప భూగర్భ పరీవాహపు శిలలు అతి ప్రాచీనమైనవి, గట్టిపడినవి. రాష్ట్రంలో పరిశీలనకు యోగ్యమైనది తీరాన గల కృష్ణా-గోదావరి బేసిన్. అంతదూరం వాయువును తరలించడానికి గొట్టపు మార్గం వంటి సదుపాయాలు కల్పించవలసి ఉంటుంది.

ముందుగా చేయదగినవి

సంగ్రహించడం కంటె ఉద్గారాన్ని నివారించడం చౌక. తాపవిద్యుత్ కేంద్రాల బూడిదను 15 నుండి 35 శాతం వరకు సిమెంటులో కలుపుటకు భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. కలిపిన మేరకు బట్టీలో కాల్చవలసిన రాయి తగ్గుతుంది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి, క్లింకర్‌ను సుమారు సగానికి తగ్గించే సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం వెలువడింది. ఇవన్నీ అమలైన పిమ్మట మిగిలే ఉద్గారాలకే సంగ్రహణ అవసరమవుతుంది.

జాతీయ స్థాయి చర్యలు

కర్బన సంగ్రహణ విధానంపై నీతి ఆయోగ్ 2022లో నివేదిక వెలువరించింది. సిమెంటు రంగంలో ఐదు ప్రయోగాత్మక కేంద్రాలను కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2025 మేలో ప్రకటించింది. వాటిలో ఒకదానిలో తిరుపతి ఐఐటీ భాగస్వామి. ఉత్పత్తి యూనిట్‌కు ఉద్గారాల తగ్గింపు లక్ష్యాలను 2025 అక్టోబరులో కేంద్రం నోటిఫై చేయగా, తొలి విడత రంగాలలో సిమెంటు కూడా ఉన్నది. లక్ష్యాన్ని మించి తగ్గించినవారికి క్రెడిట్లు లభిస్తాయి. చేరుకోలేనివారు వాటిని కొనుగోలు చేయవలసి ఉంటుంది.

పరిశీలించవలసిన అంశాలు

సంగ్రహణ ప్రతిపాదన ఏదైనా వచ్చినపుడు అధికారులు, పాత్రికేయులు నాలుగు అంశాలు పరిశీలించుట అవసరం. ఏటా ఎన్ని టన్నులు సంగ్రహిస్తారు? ఉష్ణం ఎక్కడిది? నీరు ఎక్కడిది? సంగ్రహించిన వాయువు చివరకు ఎక్కడికి చేరుతుంది? శీతల పానీయాలలోనో, యూరియాలోనో వాడిన వాయువు కొద్దికాలానికే తిరిగి గాలిలో కలుస్తుంది. ఇటుకలలో, కాంక్రీటులో ఖనిజ రూపం పొందినది, భూగర్భంలో భద్రపరచినది మాత్రమే దీర్ఘకాలం నిలుస్తుంది. ఈ నాలుగింటికి స్పష్టమైన సమాధానం ఉన్న ప్రతిపాదనయే సీమలోని ఉపాధికి, నీటికి, వాతావరణానికి సమానంగా మేలు చేయగలదు.