పిల్లర్లు లేచాయి గదా, ఇంకేం ఆలస్యం?

అపోహ: పనిచేసేవాళ్ళ బద్ధకం వల్లే హైదరాబాద్ మెట్రో ఆలస్యమైంది.

ఎర్రగడ్డ రోడ్డు మీద కాంక్రీటు పని చురుగ్గానే సాగింది. యార్డులో పోతపోసిన సెగ్మెంట్లను ట్రెయిలర్ల మీద తెచ్చి, లాంచింగ్ గర్డరుకు వేలాడదీసి, జిగురు పూసి ఒకదానికొకటి అతికించి, లోపలినుంచి ఉక్కు తీగలు లాగి బిగించేవాళ్ళు. టైమంతా తిన్నది పిల్లరు లేవకముందు జరిగే పని. మంచినీళ్ళ పైపు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్ళు ఈ పాత రోడ్ల కింద ఎక్కడెక్కడున్నాయో నమ్మదగ్గ పటం ఉండదు. గొయ్యి తవ్వి చూసుకోవాల్సిందే. పైపు తగిలితే జలమండలి, తీగ తగిలితే కరెంటు వాళ్ళు. భరత్‌నగర్‌లో పట్టాలు దాటాలంటే రైల్వే శాఖ. స్టేషన్ మెట్లకు పక్క దుకాణం జాగా కావాలంటే పరిహారం యజమానికా, అద్దెకున్నవాడికా అన్న పేచీ.

అపోహ: కట్టేశాక నడపడానికేం?

మియాపూర్–ఎస్సార్ నగర్ ముక్కకు 2016 ఆగస్టులోనే భద్రతా అనుమతి వచ్చింది. ఎర్రగడ్డలో జనం రైలెక్కింది మాత్రం 2017 నవంబరు 29న. ఎస్సార్ నగర్‌లో దింపేస్తే అమీర్‌పేట పోయేవాడు మళ్ళీ ఆటో వెతుక్కోవాలి గనక, లైను నాగోలు దాకా కలిశాకే తెరిచారు. సబబే. కానీ ఆ ఏడాదికి పైగా టికెట్ల మీద పైసా రాలేదు, అప్పు మీద వడ్డీ ఆగలేదు. ఖర్చు పెరిగిందనగానే ఎవరో సిమెంటు మింగారనుకుంటాం. మింగేవాళ్ళు లేరని కాదు, వడ్డీ మింగేది ఎవరి లెక్కలోకీ రాదు. ఆలస్యాల వల్ల తమకు 3,756 కోట్ల అదనపు భారం పడిందని మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ వాదించింది.

అపోహ: ప్రైవేటుకిస్తే సర్కారుకు రూపాయి ఖర్చుండదు.

ఎల్ అండ్ టీ కంటే ముందు, 2008లో టెండరు గెలిచిన మేటాస్ బృందం గ్రాంటు అడగలేదు సరికదా, ప్రభుత్వానికే 30,311 కోట్లు ఎదురిస్తామంది. టికెట్ల మీద అంత సొమ్ము ఎలా వస్తుంది, కన్ను భూముల మీదే అని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఉత్తరం రాస్తే, ఆనాటి ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009 జనవరిలో మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది, జులైలో మేటాస్ ఒప్పందం రద్దయింది. మళ్ళీ టెండర్లు పిలిచి 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో సంతకాలు చేశారు. ఈసారి ఎదురు 1,458 కోట్ల గ్రాంటు మనమే ఇవ్వాల్సి వచ్చింది. గడ్డపార దిగకుండానే రెండేళ్ళు గడిచిపోయాయి. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంటే, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సరేనంది.