బాపు సర్వీసు ఇంకెన్నేండ్లు?

మా గోదావరిఖనిలో డిగ్రీ అయిపోయిన కుర్రాణ్ని ‘తర్వాత ఏం చదువుతవు?’ అని అడిగేవాళ్లు తక్కువ. ‘మీ బాపుకు ఇంకెన్నేండ్ల సర్వీసుంది?’ అని అడిగేవాళ్లే ఎక్కువ.

బయటి ఊళ్ల వాళ్లకు ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. సింగరేణిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే, ఇంట్లో అర్హత ఉన్న ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుంది. కంపెనీలో రిటైర్మెంట్ 61 ఏళ్లకు. ఆ లోపు కనీసం రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంటేనే ఈ దారి. అంటే 59 దాటితే తలుపు మూసుకున్నట్టే.

నేను డిగ్రీ ఫైనలియర్‌లోకి వచ్చేసరికి మా బాపుకు 57. బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని. ముప్పై ఏళ్లు అదే పని చేసి మోకాళ్లు అరిగిపోయాయి. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన రోజు అమ్మ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేది. నిజంగానే అన్‌ఫిట్‌కు పెట్టుకోదగ్గ మనిషి. అక్క పెళ్లి అయిపోయింది. ఇక మిగిలింది నేను.

‘పోరనికి ఉద్యోగం రాసిపెట్టుంది, ఇంకేంది నీకు?’ అని పక్క క్వార్టర్ మల్లన్న కాక బాపుతో అంటుంటే లోపల కూర్చుని విన్నాను. అదే వారం నేను ఐఐటీ జామ్ ఫారం నింపుతున్నాను.

షేల్ ముక్క మీద ఆకు

నాకు జియాలజీ పిచ్చి పట్టించింది కూడా బాపే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు అరచేతిలో పట్టే రాయి తెచ్చాడు. దాని మీద ఆకు అచ్చు, ఈనెలతో సహా. అది గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అని డిగ్రీలో తెలిసింది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు. ఇండియా, ఆఫ్రికా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అనే ఒకే నేలగా ఉన్న కాలంలో పెరిగిన అడవి అది. బురదలో కూరుకుపోయి, మీద పొరలు పడి, మన ప్రాణహిత-గోదావరి లోయలో బొగ్గయింది. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే జియాలజిస్టు ఇల్లందు దగ్గర ఆ బొగ్గును గుర్తించాడు. ఈ రోజు మా ఊరు ఉందంటే, మా ఇంట్లో అన్నం ఉడుకుతుందంటే అక్కడి నుంచే మొదలు.

అందుకే హైదరాబాద్‌లో జియాలజీ ఉన్న బీఎస్సీలో చేరాను. ‘బీటెక్ కాదా?’ అని అడిగిన చుట్టాలకు లెక్కే లేదు.

జామ్ అంటే ఏంటి?

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవాలంటే జేఈఈ అక్కర్లేదు. జామ్ రాస్తే చాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్ అని ఏడు పేపర్లు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫారాలు, ఫిబ్రవరిలో పరీక్ష, మార్చిలో ఫలితం. ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టు కాదు, అడ్మిషన్‌కు మళ్లీ విడిగా అప్లై చేయాలి. ఇక్కడే చాలామంది ‘ర్యాంకు వచ్చింది కదా’ అని ఊరుకుని మోసపోతారు.

జామ్ ఒక్కటే నమ్ముకోవద్దు. ఉస్మానియా, కాకతీయ, మన కరీంనగర్ శాతవాహన లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ పీజీ. నేను మూడూ రాశాను.

నేను దాదాపు సీటు పోగొట్టుకున్నది పరీక్షలో కాదు, సర్టిఫికెట్ దగ్గర. నా దగ్గర మీసేవలో తీసిన బీసీ సర్టిఫికెట్ ఉంది. అదే చాలనుకున్నా. కేంద్ర సంస్థలకు అది పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసిందే. గడువు నాలుగు రోజులుందనగా తెలిసింది. బాపు డ్యూటీ మానుకొని, కుంటుకుంటూ నాతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక్క మస్టర్ కూడా ఊరికే పోనియ్యని మనిషి రెండు మస్టర్లు పోగొట్టుకున్నాడు.

సీటు వచ్చింది, పైసలేవి?

ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. 1926లో మైనింగ్ స్కూల్‌గా మొదలై, 2016లో ఐఐటీ అయిన సంస్థ. ఝరియా బొగ్గు గనుల పక్కనే. ‘ఈ బొగ్గు ఇడిసి ఆ బొగ్గుకు పోతున్నవా?’ అని అమ్మ నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఫీజు, హాస్టల్, మెస్, రైలు, ల్యాప్‌టాప్ అన్నీ రాసి కూడితే మొదటి సెమిస్టర్‌కే బాపు చేతికొచ్చే నెల జీతం దాటింది. ఆ జీతంలో అక్క పెళ్లికి చేసిన అప్పు కిస్తీ ఎలాగూ పోతుంది.

స్కాలర్‌షిప్? బీసీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రావాలంటే కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. పర్మినెంట్ కార్మికుడి జీతం అది దాటుతుంది. మా వెనక సందులో ఉండే కాంట్రాక్ట్ కార్మికుడి బిడ్డకు ఈపాస్‌లో వచ్చింది, శాతవాహనలో కెమిస్ట్రీ చదువుకుంది. ఆమెకు రావడం న్యాయం. మాలాంటి వాళ్లు మాత్రం మధ్యలో ఇరుక్కుంటాం.

కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. ఇంటర్‌లో పై ఒక శాతంలో ఉండి బేసిక్ సైన్స్‌లో చేరినవాళ్లకు ఏడాదికి 80,000. డిగ్రీ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. నాకు మూడో ఏడాది తెలిసింది. ఈ తప్పు నాదే. మీ తమ్ముడో చెల్లెలో ఇంటర్ అయిపోతే ఈ ముక్క వాళ్లకు ఫార్వర్డ్ చేయండి.

చివరికి మిగిలింది ఎడ్యుకేషన్ లోన్. మొదట వెళ్లిన బ్యాంకులో ‘ఎమ్మెస్సీకి లోనేంది బాబూ, ఇంజినీరింగ్ అయితే చూద్దుము’ అన్నారు. అది నిబంధన కాదు, ఆ కుర్చీలో ఉన్నాయన అభిప్రాయం. విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసి ఇంకో బ్యాంకుకు వెళ్లాను. 4 లక్షల వరకు మార్జిన్ డబ్బు కట్టనక్కర్లేదు, ఏడున్నర లక్షల వరకు తనఖా అక్కర్లేదు, చదువయ్యాక ఇంకో ఏడాది వరకు కిస్తీ మొదలవ్వదు. బాపు పక్కన కూర్చుని సంతకం పెట్టాడు. క్లాసులు మొదలయ్యేది వానాకాలంలో, కంపెనీ లాభాల వాటా చేతికొచ్చేది దసరా ముందు. ఆ రెండింటి మధ్య సందును లోన్ పూడ్చింది. తర్వాత ప్రతి దసరాకూ వాటాలోంచి కొంత నా చదువుకే పోయింది. రెండు దసరాలు అమ్మ కొత్త చీర కొనలేదు.

వెళ్లే ముందు రాత్రి

అన్నం తింటూ అడిగాను. ‘బాపూ, నీకు కాళ్లు నొస్తున్నయ్. నేను ఉద్యోగం తీసుకుంటే నువ్వు ఇంట్ల కూసుంటవు గదా?’

కాసేపు మాట్లాడలేదు. ‘నొస్తయ్ రా. అబద్ధమెందుకు. గని నువ్వు దిగినంక నాకు ఇంట్ల నిద్ర పడ్తదా? పో. నేను ఇంకో మూడేండ్లు చేస్త.’

ఆ మాట తలచుకున్నప్పుడల్లా గర్వం కంటే బరువే ఎక్కువ అనిపిస్తుంది. చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే లోన్, లాభాల వాటా అని చెప్పొచ్చు. మా ఇంట్లో మాత్రం అసలు డబ్బు బాపు మోకాళ్ల నుంచి వచ్చింది.

ధన్‌బాద్‌లో రెండో ఏడాది ఉండగా బాపుకు 59 నిండాయి. ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఆయనే నవ్వుతూ అన్నాడు: ‘ఇగ మల్లన్న అడగడు. మంచిగైంది.’

ఇప్పుడు

సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నాను. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. అద్దె భత్యం వేరు. సైన్స్‌లో డబ్బు లేదనే వాళ్లకు ఈ అంకె చెప్పండి. ఎమ్మెస్సీకి డబ్బు మనం వెతుక్కోవాలి, పీహెచ్‌డీకి ఎదురు డబ్బిస్తారు. జియాలజీ వాళ్లకు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష కూడా ఉంది.

దూరం పోలేని వాళ్లకు కూడా దారులు పెరుగుతున్నాయి. 2025లో కొత్తగూడెంలో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ వచ్చింది. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న ఊళ్లోనే.

ఇంకో మాట. కారుణ్య నియామకం తీసుకున్న నా దోస్తులు తప్పు చేశారని నేను అనను. ఒకడు ఆ జీతంతోనే ఇద్దరు చెల్లెళ్లను చదివిస్తున్నాడు. ఎవరి ఇంటి లెక్క వాళ్లది. కాకపోతే ఆ లెక్క వేసే రోజు కాగితం మీద రెండో గీత కూడా ఉండాలి. అందులో జామ్, సీపీగెట్, లోన్, స్కాలర్‌షిప్ గడువులు రాసి ఉండాలి. చాలా ఇళ్లలో ఆ గీత గీసేవాళ్లే లేరు.

నా స్టైపెండ్‌లోంచి లోన్ కిస్తీ పోతోంది. మొదటి నెల మిగిలిన డబ్బుతో బాపుకు మోకాళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ‘సెలవు పెట్టాల్నా?’ అన్నాడు.

‘పెట్టు బాపూ. ఒక్క మస్టర్ పోతే ఏం కాదు’ అన్నాను.