సైరన్ మోగిందంటే ఎలియట్ గెలిచినట్టే

అట్లాంటా నుంచి ఉత్తరాన జార్జియా 400 రహదారి పట్టుకుంటే ఆల్ఫరెట్టా, కమింగ్ దాటేదాకా తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇంకాస్త పైకి పోతే డాసన్‌విల్ అవుట్‌లెట్ మాల్. సెలవు రోజున మనవాళ్ళు అక్కడ బట్టలు కొంటారు, పిల్లలకు అమికలోలా జలపాతం చూపించి ఇంటిదారి పడతారు. అసలు ఊళ్ళోకి తొంగిచూసేవాళ్ళు తక్కువ.

పాత కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు దుకాణాలు. దగ్గర్లోనే డాసన్‌విల్ పూల్ రూమ్. లోపల గోడల నిండా రేసుకార్ల ఫొటోలే. ఈ పూల్ రూమ్‌కు ఒక సైరన్ ఉంది. 1983 నవంబరులో ఎక్కడో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఈ ఊరి కుర్రాడు బిల్ ఎలియట్ అమెరికా కారు పందేల్లో పేరున్న నాస్కార్ కప్ రేసు తొలిసారి గెలిచాడు. అప్పట్నుంచీ ఎలియట్లు గెలిచినప్పుడల్లా అది మోగాల్సిందే.

ఈ ఊరికి కారు పిచ్చి పట్టించింది మాత్రం సారాయే. చుట్టుపక్కల కొండల్లో దొంగచాటుగా బట్టీలు నడిచేవి. కాచిన సరుకును రాత్రికి రాత్రి అట్లాంటా చేర్చాలి. చూడ్డానికి మామూలు ఫోర్డు కార్లే. ఇంజిన్లకు పదును పెట్టి, బరువుకు వెనక భాగం కుంగిపోకుండా గట్టి స్ప్రింగులు వేసేవారు. పోలీసులను తప్పించుకున్న చేతులే ఆదివారం పూట మట్టి ట్రాకుల మీద పందేల్లో కార్లు నడిపాయి. వాళ్ళలో మేటి లాయిడ్ సీ. 1941లో అట్లాంటా లేక్‌వుడ్ రేసు గెలిచిన మర్నాడే, చక్కెర లెక్కల తగాదాలో బంధువే కాల్చి చంపాడు. మన నాటుసారాకు బెల్లం ఎలాగో అక్కడ చక్కెర అలాగ. సీకి అప్పటికి 21 ఏళ్ళు. ఊరి శ్మశానంలో అతని సమాధి రాయి మీద ఫోర్డు కారు చెక్కారు. కిటికీలో అతని ఫొటో ఉంటుంది.

1955లో పుట్టిన బిల్ కాలానికి ఆ రోజులు చాలావరకు పోయాయి. తండ్రి జార్జ్ ఫోర్డు కార్ల వ్యాపారి. అన్న ఎర్నీ ఇంజిన్లు చేసేవాడు, ఇంకో అన్న డాన్ గేర్లు చూసుకునేవాడు, బిల్ నడిపేవాడు. 1976లో కప్ రేసుల్లో దిగినా చాలాకాలం డబ్బుకు కటకటే. మిషిగన్ వ్యాపారి హ్యారీ మెల్లింగ్ చేయి వేశాక దశ తిరిగింది. పెద్ద జట్లన్నీ షార్లెట్ నగరం చుట్టూ చేరినా వీళ్ళు కొండ దిగలేదు.

1985 మే నెల, ఆలబామాలోని టల్లడేగా. ఆయిల్ గొట్టం దగ్గర ఏదో విరిగి బిల్ కారు దాదాపు రెండు చుట్లు వెనకబడింది. మామూలుగా ప్రమాదం జరిగి పసుపు జెండా ఊపితే కార్లన్నీ ఒకచోట చేరతాయి, వెనకబడినవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆరోజు ఆ వరం అందలేదు. ఒక్కో కారునూ దాటుకుంటూ మళ్ళీ ముందుకొచ్చి, రేసే గెలిచాడు. ఆయన 44 విజయాల్లో నన్నడిగితే ఇదే గొప్పది. డేటోనా 500, టల్లడేగా, డార్లింగ్టన్ రేసులు మూడూ అదే ఏడాది గెలిచినందుకు 10 లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ ఏడాది 11 రేసులు గెలిచినా ఛాంపియన్ కాలేకపోయాడు. మూడే గెలిచిన డారెల్ వాల్ట్రిప్ పాయింట్ల లెక్కలో కిరీటం ఎగరేసుకుపోయాడు. బిల్‌కు ఆ కిరీటం 1988లో దక్కింది.

1987లో అదే టల్లడేగాలో అర్హత చుట్టును గంటకు 212.809 మైళ్ళ వేగంతో, అంటే సుమారు 342 కిలోమీటర్లతో ముగించాడు. ఆ వారాంతపు రేసులోనే బాబీ అలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. దాంతో 1988 నుంచి అక్కడా, డేటోనాలోనూ ఇంజిన్‌లోకి పోయే గాలిని తగ్గించే పలకలు తప్పనిసరి చేశారు. అందుకే ఆ రికార్డు ఇప్పటికీ బిల్ పేరు మీదే ఉంది.

కొడుకు చేజ్ 2018లో వాట్కిన్స్ గ్లెన్‌లో తొలి కప్ రేసు గెలిచాడు, 2020లో ఛాంపియన్ అయ్యాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఛాంపియన్లైన కుటుంబాల్లో ఇది మూడోది. పెట్టీలు, జారెట్లు ముందున్నారు.

ఊళ్ళో జార్జియా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఉంది. మునిసిపల్ కార్యాలయం ఆ భవనంలోనే. లైసెన్సు తీసుకున్న సారా బట్టీ ఒకటి తెరిచినప్పుడు, దానికీ చోటిచ్చింది ఆ కప్పు కిందే.