పడిపోతామన్న భయానికి తాయ్ చీ

కంపవాతం అనగానే చాలామందికి చేతుల వణుకే గుర్తొస్తుంది. ఆ రోగితో ఒకే ఇంట్లో ఉండే ఆడవాళ్లని అడిగి చూడండి, వణుకుదేముందమ్మా, ఎక్కడ పడిపోతారోనన్నదే మా బెంగ అంటారు. డాక్టర్లు పార్కిన్సన్స్ అని పిలిచే ఈ జబ్బు, మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వస్తుంది. మాత్రలు వేసుకుంటే బిగుసుకుపోయిన ఒళ్లు కాస్త వదులవుతుంది, పనులు చేసుకోగలుగుతారు. నిలబడ్డప్పుడు తూలిపోయే గుణం మాత్రం మందుకి అంతగా లొంగదు.

అందుకే చైనావాళ్ల తాయ్ చీ గురించి రాయాలనిపించింది. పుట్టుక చూస్తే అది యుద్ధవిద్య. అక్కడి పార్కుల్లో తెల్లవారుతూనే పెద్దవయసు వాళ్లు గుంపులుగా చేరి చేస్తుంటారు. చూసేవాళ్లకి గాలిలో చేతులు తిప్పుతున్నట్టే ఉంటుంది గానీ, అసలు పని కాళ్లది. మోకాళ్లు కొంచెం వంచి, ఒంటి బరువంతా నిదానంగా ఒక కాలిమీదికి తెచ్చుకుని, ఆ తర్వాతే రెండో కాలు కదుపుతారు. పార్కిన్సన్స్ మనిషి దగ్గర్నుంచి లాక్కునేది సరిగ్గా ఈ ఒడుపునే!

అమెరికాలోని ఆరెగాన్‌లో 195 మంది రోగుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుచేత తాయ్ చీ, ఇంకో జట్టుచేత బరువులతో కసరత్తు, మూడో జట్టుచేత ఒళ్లు సాగదీసే వ్యాయామం చేయించారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు. 2012లో ఫలితాలు బయటికొచ్చాయి. నిలకడలో తాయ్ చీ జట్టే ముందుంది. సాగదీసే జట్టుకంటే పడిపోవడమూ తగ్గింది, ఆపేసిన మూడు నెలలకీ ఆ మేలు నిలిచింది. బరువుల జట్టుకంటే తక్కువ పడ్డారని మాత్రం గట్టిగా తేలలేదు. 2023లో షాంఘై వైద్యులు, ఏళ్ల తరబడి తాయ్ చీ చేసినవాళ్లలో జబ్బు ముదరడం నెమ్మదించిందని చెప్పారు. అయితే చీటీలేసి విడదీసిన జట్లు కావవి. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే చేసుంటారేమో! అదొక్కటే రుజువని నేననను.

మా అత్తగారికి గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. "అడుగు వెయ్యండత్తయ్యా" అంటే, "వేద్దామనే ఉందే, కాలే మాట వినట్లేదు" అంటారు. అలాంటప్పుడు చెయ్యి పట్టి లాగితే ముందుకి తూలిపడతారు. ముందు ఒంటిని అటూ ఇటూ మెల్లగా ఊపమని, బరువు ఒక కాలిమీదికి వచ్చాక రెండోది వెయ్యమనాలి. తాయ్ చీలో సాధన చేసేదీ ఇదే.

మొదలుపెట్టే ముందు న్యూరాలజిస్టుని అడగండి. మొదట్లో తెలిసినవాళ్ల ఎదుటే చేయించాలి, వీడియో చూసి ఒంటరిగా వద్దు. కదలని బరువైన కుర్చీ ఆసరాగా ఉండాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, మనిషితోపాటే అదీ పడుతుంది. పక్కన ఒకరు నిలబడాలి. నిలబడలేని రోజున కూర్చునే చేతులు కదిపించండి. తాయ్ చీ చేస్తున్నాం కదా అని మాత్రలు తగ్గించకండి. వేళకి మాత్ర వేసి, అది బాగా పనిచేస్తున్న సమయం చూసుకునే కుర్చీ దగ్గరికి తీసుకురండి.