తెల్లారేసరికి ఎస్‌యూవీ ఓ పక్కకు ఒరిగిందా? కంప్రెసర్ మార్చే ముందు ఈ పరీక్షలు చేయించండి!

ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌కు వెళ్లొచ్చారు. ఇంటి ముందు బండి పార్క్ చేసినప్పుడు అంతా బాగానే ఉంది. తెల్లారి చూస్తే ముందు ఎడమ పక్క కుంగిపోయి, మడ్‌గార్డ్ టైరు మీద కూర్చున్నట్టుంది. ఇంజిన్ ఆన్ చేస్తే కాసేపు ‘గుర్ర్’మని శబ్దం వచ్చి మెల్లగా లేచింది. మెకానిక్ దగ్గరికి వెళ్తే ఒకటే మాట.. ‘‘కంప్రెసర్ పోయిందన్నా, మార్చేయాల్సిందే’’.

నెల్లూరు తీరంలో పాత లగ్జరీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు నడిపే చాలామందికి ఇది తెలిసిన బాధే. చెన్నై, బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న బండ్లకు ఈ తలనొప్పి మరీ ఎక్కువ. అయితే ఇక్కడో విషయం ఉంది. చాలా కేసుల్లో కంప్రెసర్ దొంగ కాదు, బాధితుడు. అసలు దొంగ ఎక్కడో గాలి లీక్ చేస్తున్న చిన్న పగులు. దాన్ని పట్టుకోకుండా కొత్త కంప్రెసర్ వేస్తే అదీ కొన్నాళ్లకే కాలిపోతుంది. డబ్బు పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

అసలు ఎయిర్ సస్పెన్షన్ అంటే ఏంటి?

మామూలు కారు బరువును ఉక్కు స్ప్రింగులు మోస్తాయి. వీటిలో ఆ పని గాలి నింపిన రబ్బరు సంచులు చేస్తాయి. వాటినే ఎయిర్ బ్యాగ్, ఎయిర్ స్ప్రింగ్, బెల్లో అని రకరకాలుగా పిలుస్తారు. ప్రమాదం జరిగితే స్టీరింగ్‌లోంచి వచ్చే ఎయిర్ బ్యాగ్ వేరు, ఇది వేరు.

1992 చివర్లో రేంజ్ రోవర్ క్లాసిక్‌లో ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. తర్వాత 2004లో వచ్చిన డిస్కవరీ 3, మెర్సిడెస్ జీఎల్, మొదటి తరం ఆడి క్యూ7 లాంటి బండ్లలోనూ ఇది కనిపించింది. 2008లో ల్యాండ్ రోవర్‌ను టాటా మోటార్స్ కొన్నాక ఆ బండ్లు మన రోడ్ల మీద మరింత పెరిగాయి. అప్పటి బండ్లకు ఇప్పుడు పదిహేనేళ్లు దాటుతున్నాయి. రబ్బరుకు అది ముసలితనమే.

ఇందులో ముఖ్యంగా ఆరు భాగాలు ఉంటాయి. గాలి పట్టే కంప్రెసర్, ఆ గాలిలోని తేమను పీల్చే డ్రయర్, గాలి దాచుకునే ట్యాంకు, ఏ చక్రానికి ఎంత గాలి పంపాలో చూసే వాల్వ్ బ్లాక్, నాలుగు మూలలా బ్యాగులు, ఒక్కో చక్రం దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్. వీటన్నిటినీ ఓ కంప్యూటర్ నడిపిస్తుంది. పాత రేంజ్ రోవర్లలో ట్యాంకు ప్రెజర్ సుమారు 10 బార్, అంటే 145 పీఎస్‌ఐ. మామూలు కారు టైరులో ఉండేది 30 నుంచి 35. అంత ఒత్తిడి కాబట్టే వెంట్రుకంత పగులు చాలు, రాత్రికి రాత్రి బండి కుంగిపోతుంది.

తీరంలోనే ఎందుకీ తిప్పలు?

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట బీచ్‌ల ఇసుక. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్లు. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు. కృష్ణపట్నం పోర్టు రోడ్డు దుమ్ము. ఇవన్నీ బండి అడుగు భాగానికి శత్రువులే.

బ్యాగ్ కింది భాగం లోపలికి మడత పడి ఉంటుంది. బండి లేచినా దిగినా ఆ మడత జరుగుతూ ఉంటుంది. అందులో ఇసుక చేరితే గరుకు కాగితంలా రబ్బరును రాపిడి చేస్తుంది. ఉప్పు గాలికి సెన్సర్ లింకులు తుప్పు పట్టి విరుగుతాయి, వైర్ కనెక్టర్లలో పచ్చగా చిలుము చేరుతుంది.

అన్నిటికంటే పెద్ద సమస్య తేమ. డ్రయర్‌లో తేమను పీల్చుకునే గుళికలు ఉంటాయి. బండి కిందకు దిగేటప్పుడు బ్యాగుల్లోని పొడి గాలి ఆ గుళికల మీదుగా బయటకు వెళ్తూ వాటిని మళ్లీ ఆరబెడుతుంది. కానీ లీక్ ఉంటే గాలి దొడ్డిదారిన పోతుంది, డ్రయర్ మీదుగా వెనక్కి రాదు. కంప్రెసర్ మాత్రం తేమ గాలిని లాగుతూనే ఉంటుంది. దాంతో గుళికలు తడిసి ముద్దయి, వాటి పొడి వాల్వుల్లోకి చేరుతుంది. అక్కడ నీళ్లు, ఇక్కడ దుమ్ము. ఒక్క లీక్ మూడు భాగాలను తినేస్తుందన్నమాట.

ముందుగా ఓ హెచ్చరిక

ఎయిర్ సస్పెన్షన్ బండి కింద, చక్రం పైనున్న ఖాళీలో తల గానీ చేయి గానీ పెట్టొద్దు. గాలి పోతే రెండు టన్నులకు పైగా బరువున్న బండి చెప్పాపెట్టకుండా కుంగుతుంది. ఇంజిన్ ఆపినా కొన్ని మోడళ్లలో కంప్యూటర్ దానంతట అదే ఎత్తు సవరిస్తుంది. ఒక్క జాకీని నమ్ముకోవద్దు. గట్టి నేల మీద, కంపెనీ చెప్పిన చోట స్టాండ్లు పెట్టాకే మెకానిక్ కిందకు దూరాలి. పైపు విప్పే ముందు అందులోని ప్రెజర్ తీసేయాలి. ఈ జాగ్రత్త విషయంలో మొహమాటం పనికిరాదు.

పరీక్ష 1: బ్యాటరీ, ఫ్యూజు, రిలే

బ్యాటరీ నీరసంగా ఉంటే ఈ బండ్లలో లేనిపోని ఎర్రర్లు వస్తాయి. సస్పెన్షన్ లైటు వెలగడానికి అదే కారణం కావచ్చు. మొదట బ్యాటరీ వోల్టేజ్, తర్వాత సస్పెన్షన్ ఫ్యూజులు, కంప్రెసర్ రిలే చూడాలి. రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి వేడెక్కి కాలిపోతుంది. తక్కువ ఖర్చు భాగం పాడై ఎక్కువ ఖర్చు భాగాన్ని చంపడం అంటే ఇదే. కొత్త కంప్రెసర్ వేస్తే కొత్త రిలే కూడా వేయించడం మంచిది.

పరీక్ష 2: రాత్రి టేపు, పొద్దున టేపు

దీనికి ఖర్చు లేదు, కొలిచే టేపు ఉంటే చాలు. చదునైన చోట బండి ఆపండి. చక్రం మధ్య బిందువు నుంచి దాని పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. పొద్దున తలుపు తెరవకుండా, ఇంజిన్ ఆన్ చేయకుండా మళ్లీ కొలవండి.

ఇక్కడో మెలిక ఉంది. కొన్ని మోడళ్లు పార్కింగ్‌లో ఉన్నా మధ్యమధ్య లేచి, ఒక మూల దిగితే మిగతా మూలలనూ దానికి సమానంగా దించేస్తాయి. అప్పుడు నాలుగూ లీకవుతున్నాయేమో అనిపిస్తుంది. అందుకే మాన్యువల్ చూసి సస్పెన్షన్ ఫ్యూజు తీసి ఈ పరీక్ష చేయాలి. రాత్రి చల్లదనానికి నాలుగు వైపులా కొద్ది మిల్లీమీటర్లు తగ్గడం మామూలే.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోండి:

- ఒక్క మూలే దిగితే.. ఆ మూల బ్యాగ్, దాని పైపు లేదా జాయింటు మీద అనుమానం.
- ముందు రెండూ లేదా వెనక రెండూ కలిసి దిగితే.. ముందుగా వాల్వ్ బ్లాక్ చూడాలి.
- రాత్రంతా ఎత్తు నిలిచినా, ఇంజిన్ ఆన్ చేశాక పైకి లేవకపోతే.. కంప్రెసర్ లేదా దాని కరెంటు సరఫరా.
- ఎత్తు నిలుస్తున్నా ఒక మూల మరీ పైకి లేదా కిందకు ఉంటే.. ఆ వైపు హైట్ సెన్సర్.

పరీక్ష 3: సబ్బు నీళ్లు

పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, ఇదీ అలాంటిదే. లారీల ఎయిర్ బ్రేకు లీకులు పట్టే ఆటోనగర్ మెకానిక్‌లకు ఈ పని కొత్త కాదు. సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి బ్యాగ్ మడత, పైన పైపు కలిసే చోటు, వాల్వ్ బ్లాక్ జాయింట్లు, ట్యాంకు మీద కొట్టాలి. బుడగలు ఉబ్బితే దొంగ దొరికినట్టే.

ఒక్క ఎత్తులో చూసి ‘లీక్ లేదు’ అని తేల్చొద్దు. బండి లేచినప్పుడు బ్యాగ్ మడత చోటు మారుతుంది. మామూలు ఎత్తులో మూసుకుపోయిన పగులు పై ఎత్తులో తెరుచుకోవచ్చు. అందుకే సాధారణ ఎత్తులో ఒకసారి, పూర్తిగా లేపి మరోసారి చూడాలి. లీక్ జాయింటు దగ్గరే ఉంటే అదృష్టమే. పైపు చివర నిటారుగా కోసి, కొత్త రబ్బరు రింగు వేసి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

వాల్వ్ బ్లాక్ లోపల లీకైతే బయట బుడగలు రావు. గాలి ఎగ్జాస్ట్ దారిలో పోతుంది. బండి కదలకుండా ఉన్నప్పుడు ఆ ఎగ్జాస్ట్ మూతి దగ్గర సబ్బు నురగ పెట్టి చూడాలి.

పరీక్ష 4: హైట్ సెన్సర్

గాలి ఎక్కడా పోవడం లేదు, అయినా బండి వంకరగా ఉంది. అప్పుడు సెన్సర్ చూడండి. చక్రం కదిలినప్పుడు దాని చిన్న చేయి కూడా కదలాలి. ఆ లింకు విరిగిందా, ఊడిందా, కనెక్టర్‌లో చిలుము ఉందా అన్నది కంటికే తెలుస్తుంది. తర్వాత మెకానిక్ స్కానర్‌లో లైవ్ రీడింగ్ పెట్టి బండిని లేపి దించాలి. అంకె సాఫీగా మారాలి. మధ్యలో ఎగిరిపడినా, కదలకుండా ఉండిపోయినా సెన్సర్ అరిగినట్టే.

ఫోన్‌కు కనెక్ట్ చేసే చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ ఎర్రర్లే చూపిస్తాయి. సస్పెన్షన్ కంప్యూటర్‌తో మాట్లాడగల స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. ఎర్రర్ కోడ్ కూడా దారి చూపిస్తుందే తప్ప తీర్పు చెప్పదు. ‘ప్రెజర్ తక్కువ’ అని వస్తే కంప్రెసర్ పోయిందని అర్థం కాదు, లీక్ ఉన్నా అదే కోడ్ రావచ్చు.

పరీక్ష 5: చివర్లో కంప్రెసర్

బండిని కిందకు దించి, మళ్లీ మామూలు ఎత్తుకు లేపుతూ టైమ్ చూడండి. మొదటిసారి ట్యాంకులో దాచిన గాలితో చకచకా లేస్తుంది. వెంటవెంటనే మళ్లీ చేస్తే ఆ భారం కంప్రెసర్ మీద పడుతుంది. రెండోసారి మరీ ఆలస్యమైతే, మధ్యలో ఆగిపోతే కంప్రెసర్ అలసిపోయిందన్నమాట. వేడెక్కితే అదే ఆగిపోతుంది కాబట్టి పదేపదే చేయొద్దు. గాలి లాగే ఫిల్టర్ మూసుకుపోయిందేమో, డ్రయర్ గుళికలు తడిశాయేమో చూశాక, గేజ్ పెట్టి ప్రెజర్ కొలిచి అప్పుడే మార్చాలా వద్దా తేల్చాలి. కొన్ని కంప్రెసర్లకు పిస్టన్ సీల్ కిట్లు, డ్రయర్ గుళికలు విడిగా దొరుకుతాయి.

హైవే మీద ఆగిపోతే..

ఎన్‌హెచ్-16 మీద బండి కుంగితే కంగారు పడొద్దు, స్పీడు తగ్గించి పక్కకు ఆపండి. పూర్తిగా కుంగిన బండిలో టైరు మడ్‌గార్డ్ లోపలికి రాసుకోవచ్చు, కుదుపులకు బ్రేకింగ్, హ్యాండ్లింగ్ దెబ్బతింటాయి. కొన్ని మోడళ్లు స్క్రీన్ మీద స్పీడ్ లిమిట్ చూపిస్తాయి, దాన్ని దాటొద్దు. దూరం వెళ్లాలంటే ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించడమే మేలు.

గాలి తీసేసి స్ప్రింగులు వేస్తే?

విసిగిపోయి కొందరు ఉక్కు స్ప్రింగులకు మారుతుంటారు. ఎత్తు మార్చుకునే సౌకర్యం పోతుంది, వార్నింగ్ లైట్లు వెలుగుతూనే ఉండొచ్చు. బండిలో మార్పులపై మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 నిబంధనలు ఉన్నాయి. ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి తెలుసుకోవడం మంచిది.

బీచ్ నుంచి వచ్చాక ఈ పని మర్చిపోవద్దు

అదే రోజు మంచినీళ్లతో బండి అడుగు భాగం, బ్యాగుల మడతలు కడిగించండి. ఇసుక పోవడానికి బండిని పైకి లేపి ఒకసారి, మామూలు ఎత్తులో ఒకసారి కడిగితే మడత లోపలిదీ వస్తుంది. హై ప్రెజర్ గన్‌ను బ్యాగ్‌కు, కనెక్టర్లకు మరీ దగ్గరగా పెట్టొద్దు. డిస్కవరీ 3 లాంటి బండ్లలో కంప్రెసర్ అడుగునే ఉంటుంది కాబట్టి వరద నీళ్లలో, చెరువు కాలువల్లో దించకపోవడమే మంచిది.

ఇక షెడ్డుకు వెళ్లేటప్పుడు రాత్రి, పొద్దున తీసిన ఎనిమిది కొలతల చీటీ చేతిలో పెట్టుకోండి. ‘‘కంప్రెసర్ పోయిందన్నా’’ అన్న మాట వినిపిస్తే ఒక్కటే అడగండి.. ‘‘లీక్ ఎక్కడుందో చూశావా అన్నా?’’ సబ్బు బుడగ చూపించాకే జేబులో చేయి పెట్టండి.