సముద్రపుష్పాల నామకరణం, వర్గీకరణ: సీసా మీది చీటీ, కృష్ణా ఉపనదుల మెడూసా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు సముద్రం దూరం. అక్కడి జంతుశాస్త్ర విద్యార్థికి సీ అనిమోన్, అంటే సముద్రపుష్పం, సాధారణంగా ఫార్మలిన్ సీసాలోనే పరిచయమవుతుంది. పాఠ్యగ్రంథాల్లో దానికి ఉదాహరణ మెట్రీడియం. అయితే ఆ ప్రజాతిలో ప్రసిద్ధమైన మెట్రీడియం సెనైల్ ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ సముద్రాల చల్లని జలాలకు చెందినది. బంగాళాఖాత తీరంలో సేకరించిన నమూనాకు ఆ పేరును యథాలాపంగా అతికించడం శాస్త్రీయం కాదు.

ఈ సమస్యకు భారతీయ నిదర్శనమే ఉంది. బెంగాల్‌లోని పోర్ట్ కానింగ్ ఉప్పుకయ్యల్లో దొరికిన ఒక జీవిని 1869లో స్టోలిచ్కా సగార్టియా ప్రజాతిలో చేర్చి ‘షిల్లెరియానా’ అని నామకరణం చేశాడు. 1907లో అనండేల్ దానిని మెట్రీడియంలోకి మార్చాడు. నేడు అది డయాడుమెనే షిల్లెరియానా. జాతి నామం నిలిచింది, ప్రజాతి మాత్రమే మారింది. అందుకే స్టోలిచ్కా పేరు, 1869 కుండలీకరణాల్లో కనిపిస్తాయి. ఈ చిన్న గుర్తు అలంకారం కాదు, ఆ జీవి ప్రజాతి మారిందనడానికి సాక్ష్యం.

ఇన్ని మార్పులకు కారణం ఆ దేహనిర్మాణమే. అస్థిపంజరం లేని మెత్తని స్తంభం భద్రపరచగానే ముడుచుకుంటుంది, రంగు పోతుంది. కనుక నిర్ధారణకు మీసెంటరీల అమరిక, సంవరణీ కండరం, దంశకోశాల రకాలు, కొలతలు చూడవలసి వస్తుంది. కార్ల్‌గ్రెన్ 1949 నాటి వర్గీకరణ ప్రధానంగా ఇటువంటి లక్షణాలపైనే నిలిచింది. 2014లో రోడ్రిగెజ్ బృందం డీఎన్ఏ ఆధారంగా ఆక్టినియేరియా క్రమాన్ని అనెన్థెమోనే, ఎన్థెమోనే అనే రెండు ఉపక్రమాలుగా పునర్వ్యవస్థీకరించింది. బొలొసెరాయిడిస్ డాఫ్నే అని 2006లో వర్ణితమైన లోతు సముద్రపు జీవి అప్పుడే రెలికాంథస్ అనే కొత్త ప్రజాతికి మారి, సముద్రపుష్పమేనా అన్న ప్రశ్నకు గురైంది.

సముద్రం లేకున్నా బంధువులు లేకపోలేదు. మంచినీటి హైడ్రా అందరికీ తెలిసినదే. అంతకంటె ఆసక్తికరమైనది లిమ్నోక్నిడా ఇండికా. సతారా జిల్లాలోని కృష్ణా ఉపనదుల్లో అగార్కర్ గుర్తించిన ఈ మెడూసాను 1911లో అనండేల్ వర్ణించాడు. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు సాగర్ ఎడమ కాలువ ద్వారా చేరేది ఆ కృష్ణా నీరే. అంతమాత్రాన మెడూసా ఇక్కడ ఉందని భావించరాదు, వెదకవలసిన జీవి అని మాత్రమే అర్థం. దొరికినా అది సముద్రపుష్పం కాదు, హైడ్రోజోవా విభాగానికి చెందుతుంది. ఆంథోజోవాలో మెడూసా దశే ఉండదు. మంచినీటి మరో మెడూసా క్రాస్పెడకుస్టాలో బీజకోశాలు అర కాలువలపై ఉంటే, లిమ్నోక్నిడాలో మాన్యూబ్రియంపై ఉంటాయి.

తీర పర్యటనకు వెళ్లే బృందం సముద్రపుష్పాన్ని మెగ్నీషియం క్లోరైడ్‌తో సడలింపజేసి, ఒక ముక్కను ఇథనాల్‌లో, మిగిలినదానిని ఫార్మలిన్‌లో ఉంచాలి. ఫార్మలిన్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది. చీటీపై తేదీ, స్థలం, లోతు, సజీవ వర్ణం తప్పనిసరి. పేరు తేలనప్పుడు ‘ఆక్టినియేరియా, జాతి అనిర్ధారితం’ అని రాయడం మెట్రీడియం అని రాయడం కంటె మేలు.