ఉంగరాల బొచ్చు కుక్క: ముచ్చట కొంత, చాకిరీ కొండంత!

పట్నంలో కొలువు చేసే కొడుకో, కూతురో పండుగకు వస్తూ ఒక బొచ్చు కుక్కపిల్లను చంకన పెట్టుకుని రావడం మన పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. గొర్రెపిల్ల లాగ ఒళ్లంతా ఉంగరాలు తిరిగిన బొచ్చుతో వుండే పూడిల్ జాతి పిల్లలు, వాటి సంకరాలు చూడముచ్చటగా వుంటాయి. సెలవులు అయిపోగానే పిల్లలు పట్నం వెళ్లిపోతారు. కుక్క మాత్రం తల్లిదండ్రుల వద్ద మిగిలిపోతుంది. ఆ తర్వాత దాని చాకిరీ ఎవరు చేయాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు కుక్కను తెచ్చుకునే ముందే ఆలోచించుకోవడం మేలు.

చలి దేశాల కోసం పుట్టిన బొచ్చు

పూడిల్ అందం కోసం పుట్టిన జాతి కాదు. వేటగాడు కొట్టిన బాతును చన్నీటిలో ఈది తెచ్చేందుకు యూరప్ దేశాలలో పెంచిన కుక్క ఇది. నీళ్లలో చిందులు వేయడం అనే అర్థం గల జర్మన్ మాట నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. హంగరీ దేశంలో మందలను కాచే కొమొండోర్ కుక్కకు బొచ్చు తాళ్ల మాదిరిగా జడలు కట్టి వుంటుంది. తోడేలు పట్టినా పళ్లు ఒంటికి దిగకుండా ఆ జడలు అడ్డుకుంటాయి. అదే దేశంలో మందను తోలే మరో జడల కుక్క పేరు 'పులి'. పేరు పులి అయినా అది కుక్కే!

ఆ దేశాల చలికి, నీటికి తగినట్లు పెరిగిన బొచ్చు ఇది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలు నల్లగొండకు కొత్త కాదు. కుక్కకు మనిషిలాగ ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో మాత్రమే కొద్దిగా పడుతుంది. నాలుక చాపి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకోవాలి.

గొంగడి నేసే వారికి తెలిసిన సంగతే

ఈ బొచ్చు గుణం మన కురుమ సోదరులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. దక్కనీ నల్ల గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. పోగు పోగుతో పెనవేసుకునే గుణం వున్నందువల్లనే ఆ ఉన్ని గొంగడికి పనికి వస్తుంది. ఉంగరాల కుక్క బొచ్చుకూ దాదాపు అదే గుణం వుంది. అది ఆగకుండా పెరుగుతూనే వుంటుంది. ఊడిన వెంట్రుక నేల రాలకుండా ఉంగరాల్లోనే చిక్కుకుపోతుంది. పది రోజులు దువ్వెన తగలకపోతే వుండలు కడుతుంది. ఆ వుండల కింద తడి ఆరక చర్మం పాసి, పుండ్లు పడతాయి. గొర్రెకు ఏడాదికి రెండు కత్తెరలు చాలు. ఈ కుక్కకు ఆరు వారాలకొకసారి కత్తెర పడాలి. పైగా ఈ బొచ్చును కొనేవాడు లేడు!

పిల్లను ఎంచుకునేటప్పుడు

మందకో, చేను కాపలాకో కుక్క కావాలనుకునే వారు ఉంగరాల బొచ్చు జోలికి పోకపోవడమే మంచిది. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు ఆ బొచ్చులో ఇరుక్కుంటే తీయడానికి ఒక పూట పడుతుంది. పొట్టి బొచ్చు గల మన నాటు కుక్కే ఈ ఎండకు, ఈ కంపకు తగినది. కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని రాజపాళయం జాతులు కూడా పొట్టి బొచ్చువే.

ఇంటి ముచ్చట కోసం ఉంగరాల కుక్కనే తెచ్చుకోదలిస్తే, ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు. వీలైతే తల్లిని కళ్లారా చూడాలి. బొచ్చును పాయ తీసి చర్మం మీద పొక్కులు, పిడుదులు లేవని చూసుకోవాలి. చెవి వాసన వస్తుంటే ఆ పిల్లను వదిలేయాలి.

ఈ జాతి బొచ్చు రాల్చదు గనుక ఎలర్జీ వున్నవారికి ఏమీ కాదని అమ్మేవారు చెబుతుంటారు. ఈ మాట నమ్మదగినది కాదు. ఎలర్జీని కలిగించే పదార్థం కుక్క చొల్లులో, చర్మపు పొట్టులో వుంటుంది. అంధులకు దారి చూపే కుక్క కోసం 1980ల చివర ఆస్ట్రేలియాలో లాబ్రడార్‌ను, పూడిల్‌ను కలిపారు. ఆ ఈతలోని పిల్లలన్నీ ఎలర్జీ వున్నవారికి సరిపడలేదు.

చాకిరీ ఇలా చేయాలి

రోజు విడిచి రోజు దువ్వాలి. పైపైన కాక, పాయలు తీసి చర్మం దాకా దువ్వెన పోవాలి. చిక్కు తీసిన తర్వాతనే స్నానం చేయించాలి. చిక్కు తడిస్తే మరింత బిగుసుకుంటుంది. మనం వాడే సబ్బు కుక్క చర్మానికి పడదు. స్నానం తర్వాత వేళ్లు వరకు తడి ఆరేలా తుడవాలి. వేలాడే చెవుల లోపల గాలి ఆడదు కనుక వారానికొకసారి చూడాలి.

పిడుదులు, అంటే మన గోమార్లు, ఈ బొచ్చులో దాక్కుంటే కంటికి కనిపించవు. చెవుల వెనుక, వేళ్ల సందుల్లో వెతకాలి. అవి రక్తం తాగడమే కాక ప్రాణం తీసే జ్వరాలను కూడా అంటిస్తాయి. పంటలకు కొట్టే పురుగు మందును కుక్కకు పూయడం అత్యంత ప్రమాదకరం. పశువైద్యుడు ఇచ్చిన మందే వాడాలి. వేసవిలో బొచ్చు పొట్టిగా కత్తిరించాలి కానీ చర్మం కనిపించేలా గొరగకూడదు.

మందకూ, మనిషికీ ముప్పు

బొచ్చు ఏదైనా ప్రతి కుక్కకూ రెండు పనులు తప్పవు. మొదటిది పిచ్చికుక్క రోగం టీకా. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న ఈ టీకాను తొలిసారి ఒక బాలునికి వేయించాడు. అందుకే ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతారు. కుక్క కరిస్తే పసుపు, సున్నం పూయరాదు. సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పొడిచే సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. రోగ లక్షణాలు కనిపించిన తర్వాత బతకడం దాదాపు అసాధ్యం.

రెండవది నులిపురుగుల మందు. గొర్రె ఒక పక్కకే గిరగిర తిరిగి పడిపోయే రోగానికి మూలం కుక్క కడుపులోని బద్దె పురుగు. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి బుడగ తయారవుతుంది. చచ్చిన గొర్రె తలను కుక్క తింటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. మరో జాతి బద్దె పురుగు వల్ల మనుషుల కార్జంలోనూ బుడగలు వస్తాయి. అందువల్ల చచ్చిన గొర్రెను పూడ్చిపెట్టాలి. బుడగలున్న కార్జాన్ని కుక్కకు వేయరాదు. మూడు నెలలకొకసారి కుక్కకు మందు తాగించాలి. ఉంగరాల కుక్క అయితే తోక కింది బొచ్చును ఎప్పటికప్పుడు కత్తిరించాలి. పురుగు గుడ్లు అక్కడే అంటుకుంటాయి. కుక్కను ముట్టుకున్న తర్వాత పిల్లలు చేతులు కడుక్కునేలా చూడాలి.

దువ్వెన పట్టే ఓపిక వున్న చేయి ఇంట్లో వుంటేనే ఉంగరాల కుక్కను తెచ్చుకోవాలి. లేనివారికి గడపలోని నాటు కుక్కే చాలు. ఒక టీకా, ఒక గుక్కెడు మందు, నీడలో ఒక కుండెడు నీళ్లు ఇస్తే అది ఇంటినీ, మందనూ కాచి పెడుతుంది.